పాతమాటలు – క్రొత్త తప్పులు

గడచిన సంక్రాంతి సెలవులలో మేము కమలాపురమునందే ఒక మిత్రుని యింటికి భోజనమునకు పోయితిమి. ఆయన చదువుకొన్నవాడు, సంస్కారప్రియుడు, కట్నము పుచ్చుకొనక వివాహమాడినవాడు, కొమార్తెను కొడుకుతో సమానముగా చదివించుచున్నవాడు. ఆకులు వేయుటకు ముందు పదేండ్ల ఆ బాలికను పిలిచి, "అయ్యవారికి నీ పెద్దమాట చెప్పి వినిపించమ్మా" అనెను. ఆ బిడ్డ చేతులు కట్టుకొని నిలిచి, 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్' అను ఆంగ్లపదమును ఊపిరి తిప్పుకొనకుండ ఉచ్చరించి, వెంటనే అందలి 29 అక్షరములను ఒక్కటియు తప్పకుండ ఏకరువు పెట్టెను. అందరును చేతులు తట్టిరి. మేమును తట్టితిమి. "దీని అర్థమేమి తల్లీ?" అని మేమడుగగా, "పోటీలో అర్థము అడగరు అయ్యవారూ" అని ఆ బిడ్డ నిష్కపటముగా బదులు చెప్పెను. ఇంతలో వంటయింటినుండి వారి అవ్వ, "కూడు సల్లారిపోతాంది, లేసి రాండి నాయనా" అని పిలిచెను. బిడ్డ కిలకిల నవ్వెను. మిత్రుడు సిగ్గుపడి, "అమ్మా, కూడు అనరాదు, భోజనము అనవలెనని నీకెన్నిసార్లు చెప్పితిని" అనెను. ఆ ముసలియమ్మ మరల నోరెత్తలేదు. ఆ పూట మేము తిన్నది ఆమె వండిన కూడే. కాని అది మాకు గొంతు దిగలేదు.

ఆ పెద్దమాటకు అర్థమేమనగా, ఒక వస్తువును కొరగానిదిగా ఎంచుట. అది పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లదేశపు విద్యార్థులు తమ లాటిన్ వ్యాకరణమునుండి నాలుగు ముక్కలు ఏరి, హాస్యమునకై ఒక్కటిగా కుట్టిన బొంత. ఆ నాలుగు ముక్కలకు ఉన్నిపోచ, పనికిరాని వస్తువు, శూన్యము, వెండ్రుక అని అర్థములు. ఉన్నిపోచపాటిగా ఎంచుట, వెండ్రుకపాటిగా ఎంచుట అని లాటిన్‌వారి నుడికారము. మనవారును ఇట్లే గడ్డిపోచపాటిగా ఎంచుట అనిరి. దానినే తృణీకారము అందురు. అనాదరమును చెప్పునపుడు ఏ విభక్తి వాడవలెనో పాణిని ఒక సూత్రమున విధింపగా, వ్యాఖ్యాతలు దానికి తృణమునే ఉదాహరణముగా చూపిరి. లాటిన్ వైయాకరణులును ఇట్టి చోట్లకు ప్రత్యేకవిభక్తిని విధించిరి. గొఱ్ఱెలు కాచువాని నోట ఉన్నిపోచ, ఆవులు కాచువాని నోట గడ్డిపోచ, భావ మొక్కటియే. ఇంతటి ముచ్చటైన విషయమును ఆ బిడ్డకు చెప్పినవారు లేరు. 29 అక్షరములు మాత్రము నేర్పిరి. ఆ మాట చెప్పు కార్యమును తన అవ్వ మాటమీదనే ప్రయోగించుట ఎవరు నేర్పిరి? మనమే నేర్పితిమి.

మేము ఆంగ్లమునకు శత్రువులము కాము. ఇరువదియేండ్లుగా ఆ భాషను బోధించి జీవనము చేయుచున్నాము. పాతవియు అరుదైనవియునగు ఆంగ్లపదముల అర్థములను పోల్చి చూచుట గొప్ప విద్యయని మేము ఒప్పుకొందుము. మేము ఖండించునది ఆ విద్యను గాదు; ఆ విద్యపేర నడచుచున్న రెండు దురాచారములను. అర్థము విడిచి మాటలను నగలవలె తగిలించుకొనుట మొదటిది. ప్రతి మాటకును ఎల్లకాలము ఒకే అర్థముండునని నమ్మి, నేటి అర్థమును నిన్నటి మాటమీద రుద్దుట రెండవది. మొదటిది మనుష్యుని హాస్యాస్పదుని చేయును. రెండవది అతని కొంప తీయును.

మాటలు మనుష్యులవంటివే. కొన్ని పుట్టినయింటనే పెద్దవై గౌరవము పొందును, కొన్ని చెడిపోవును, కొన్ని వలస పోయి పోల్చరాకుండ మారును. 'నైస్' అను మాటను నేడు ప్రతివాడును మెప్పునకు వాడుచున్నాడు. ఆరేడువందల సంవత్సరములకు పూర్వము అది తెలివిలేనివాడని తిట్టు. దాని మూలమైన లాటిన్ పదమునకు ఎరుగనివాడని అర్థము. ఇది విని మన పిల్లలు ఆంగ్లేయులు వింతమనుష్యులని నవ్వుదురు. మన 'ముగ్ధ' సంగతి ఏమి? మోహమునకు లోనైనది, తెలివి తప్పినది అనియే ఆ సంస్కృతపదమునకు మొదటి అర్థము. అదియే అమాయకురాలై, పిమ్మట సుందరియై, నేడు మన యాడబిడ్డలకు పేరై కూర్చున్నది. 'సిల్లీ' అను మాట దీనికి ఎదురుదారిలో నడచినది. అది మొదట ధన్యుడు, తరువాత నిర్దోషి, తరువాత జాలిపడదగినవాడు, తుదకు వట్టి వెఱ్ఱివాడు. ఒక లోకమున ఎరుగనితనము సొగసైనది. వేరొక చోట మంచితనము వెఱ్ఱితనముగా పరిణమించినది. రెండును మనుష్యస్వభావమును చూపు అద్దములే.

ఆంగ్లమున 'డీర్' అనగా నేడు జింక. పూర్వము అది జంతువు ఏదైనను సరియే. షేక్స్పియరు తన లియర్ రాజు నాటకములో ఎలుకలను గూడ ఈ మాటక్రిందనే చేర్చెను. మన మృగశబ్దము నడచినదియు ఈ త్రోవనే. మృగమనగా అడవిజంతువు, కనుకనే సింహము మృగరాజు, కోతి శాఖామృగము. అదియే కావ్యములలో లేడియై, శకుంతల యాశ్రమమున దర్భలు మేసినది. 'స్టెంచ్' అనగా నేడు దుర్గంధము; పాత ఆంగ్లమున అది పువ్వు వాసనకును చెల్లెను. మన 'కంపు' సంగతియు అట్టిదే. పాతకవుల నోట అది పరిమళమునకును చెల్లగా, మన నోట ముక్కు మూయించుచున్నది. 'నేవ్', 'నైట్' అను రెండుమాటలకును మొదట పిల్లవాడనియే అర్థము. ఒకడు చెడి మోసగాడయ్యెను. మరియొకడు గుఱ్ఱమెక్కి వీరుడయ్యెను. మన బంటు రణరంగమునుండి దిగివచ్చి కచ్చేరీలో బంట్రోతై కాగితములు మోయుచున్నాడు.

ఈ పోలికలు వినోదమునకు మాత్రమే అని తలచువారు ఈ క్రింది సంగతి వినవలెను.

మా ప్రాంతపు రైతు ఒకడు కొన్నియేండ్ల క్రిందట ఒక పాత కాగితపు నకలును, దాని తెలుగు తర్జుమాను పట్టుకొని మాకడకు వచ్చెను. ఆ కాగితము 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాము కమీషనువారి కాలమునాటిది. తర్జుమా పట్టణములో ఒకనికి రూకలిచ్చి వ్రాయించినది. అందులో ఆ రైతు పూర్వికులకు "ఎండిపోయిన భూమి" ఇచ్చిరనియు, "తొట్టి మరమ్మతు" చేయవలసిన బాధ్యత వారిదనియు ఉన్నది. "అయ్యవారూ, తొట్టి మరమ్మతుకు ఎకరాలెకరాలు భూమి ఎవరిస్తారు? మమ్మల్ని సూసి నవ్వుతాండారు" అని ఆ రైతు వాపోయెను. మూలము చూచితిమి. 'డ్రై' అని ఉన్నది. రెవిన్యూవారి భాషలో అది మెట్ట. 'వెట్' అనగా మాగాణి. 'టాంక్' అని ఉన్నది, అది చెరువు. ఆ ఇనాము దశబంధము. అనగా చెరువును త్రవ్వించినవారికి, దానిని చెడకుండ కాపాడువారికి ఇచ్చినది. రాయలసీమలో ఇట్టివి అనేకము. ఆ తర్జుమాదారు నిఘంటువు చూడలేదని మేము చెప్పము, చూచినాడు. నేటి నిఘంటువు చూచినాడు. 1916లో యుద్ధరంగమునకు వచ్చిన ఉక్కుబండికి గూడ ఆ పేరే పెట్టిరి గనుక, అతడు రైతు పూర్వికులచేత ఫిరంగిబండిని మరమ్మతు చేయింపకపోవుట మన యదృష్టము!

చెరువును తొట్టిగా వ్రాయుట ఒక మాట తప్పు కాదు. ఒక నాగరికతను చెరిపివేయుట. మా జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకట్టకడ 1369 నాటి శాసనమున్నది. విజయనగర రాజకుమారుడగు భాస్కరభవదూరుడు ఆ చెరువు కట్టించినపుడు రెండు సంవత్సరములపాటు దినదినము వేయిమంది కూలీలు, నూరుబండ్లు పనిచేసినట్లును, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములు ఇవి యనియు అందు చెప్పబడినది. వాన చాలని నేలలో అట్టి చెరువుల నీటితోనే జనులు బ్రదికిరి. ఆ చెరువుల చరిత్ర ఒక వంద సంవత్సరములకు పైగా ఆంగ్లపు కాగితములలో వ్రాయబడినది. ఆ కాగితముల యాంగ్లము నేటి బడిపిల్లలు వల్లించు ఆంగ్లము కాదు.

ఆ కాగితములలో 'టోప్' అని ఉండును. నేటి నిఘంటువులో ఆ మాటకు మితిమీరి త్రాగుట అని ఒక యర్థము, ఒకజాతి సొరచేప అని ఇంకొకటి, బౌద్ధస్తూపమని వేరొకటి. మామిడితోపును గూర్చి వ్రాసిన దొరకు ఈ మూటితోను పనిలేదు. అతడు మన తోపునే వ్రాసినాడు. 'బండీ' అని ఉండును. ఆంగ్లమున దానికి దొడ్డికాళ్ళని యొక యర్థము. ఈ కాగితములలో అది మన బండి. 'ప్యూన్' అని ఉండును. మన్రో దొర 1800 మొదలు 1807 వరకు దత్తమండలములను పాలించినపుడు పాళెగాండ్రు పోషించుచుండిన సాయుధభటులను ఆంగ్లపు కాగితములు ఈ మాటతోనే పేర్కొన్నవి. పోర్చుగీసుభాషనుండి వచ్చిన ఈ మాటకు కాలిబంటు అని అర్థము. చదరంగములోని 'పాన్' దీనికి జ్ఞాతి. మనమును చదరంగములో దానిని బంటు అనియే అందుము. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినపుడు అతనివెంట నడచినవారిలో ఇనాములు పోగొట్టుకొన్న కట్టుబడి బంట్లు ఉండిరి. అట్టివారిని గూర్చిన వ్రాతలో ప్యూన్లు అని చదివి, మా తరగతిలో ఒక బాలుడు "ఆఫీసు నౌకర్లు తిరగబడిరి" అని వ్రాసెను. వానిని మేము కొట్టలేదు, నవ్వలేదు. మేము నేర్పనిదానికి వాని తప్పేమి?

అదే 1846లో ఆంగ్లదేశమున 'కారన్' చట్టములు రద్దయినవి. మన పిల్లలు వానిని మొక్కజొన్న చట్టములని వ్రాయుదురు. ఆంగ్లదేశమున ఆ మాటకు ధాన్యమని అర్థము, ముఖ్యముగా గోధుమ, స్కాట్లండున ఓట్లు, అమెరికాలో మాత్రమే మొక్కజొన్న. ఏ దేశమున ఏ పంట ప్రాణాధారమో దానికే ఆ పేరు చెల్లును. కోస్తావానికి ధాన్యమనగా వడ్లు కాదా? మా మెట్టనేలల కొఱ్ఱలజాతి ధాన్యమునకు పాత ఆంగ్లగ్రంథములలో 'పానిక్' అని పేరు. నేటివారికి ఆ మాట భయకంపమును మాత్రమే చెప్పును. ఈ రెండును రూపమున ఒక్కటియైనను పుట్టుకయందు వేరు. ధాన్యము లాటిన్ బిడ్డ, భయము గ్రీకుదేవత బిడ్డ. కొఱ్ఱపైరును గూర్చిన వాక్యమును భయోత్పాతముగా తర్జుమా చేయువాడు పుట్టకపోడు. మన పందికొక్కు కూడ 'బాండికూట్' అను పేర ఆంగ్లమున చేరి, ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ తనకు చుట్టమే కాని వేరొక జంతువునకు పేరైనది. కాబట్టి ఆ మాటను చూచినపుడు, వ్రాసినవాడు ఏ దేశమున నిలిచి వ్రాసెనో తెలియక తెలుగు చేయరాదు.

ఈ విద్య మా జిల్లాకు క్రొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చెను. అక్కడనే బంగళా కొని, పండితులను చేర్చి, జీతములిచ్చి, తాళపత్రములను సేకరించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడినది. ఆ సంవత్సరమే, కచ్చేరీ వ్యవహారములలోని దేశ్యపదములకు అర్థము చెప్పు జిల్లా నిఘంటువును ప్రకటించెను. 1854లో అన్యభాషలనుండి తెలుగున కలసిన మాటలకు వేరుగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించెను. పండితులు గ్రామ్యమని త్రోసివేసిన మాటను ఆ పరదేశి ఏరి దాచుకొనెను. 1855లో విల్సను రెవిన్యూ పదకోశమును, 1886లో యూలు, బర్నెలులు హాబ్సన్-జాబ్సను అను కోశమును ప్రకటించిరి. టోపు, బండీ, టాంకు మొదలగువాని జన్మవృత్తాంతములు వానియందు కలవు. బ్రౌను 1884లో గతించెను. ఆ సంవత్సరమే ఆక్స్‌ఫర్డు నిఘంటువు మొదటి భాగము వెలువడినది. 1928 నాటికి గాని అది పూర్తి కాలేదు. ఏ మాట ఏ సంవత్సరమున ఎవరిచేత ఏ యర్థమున వాడబడెనో వరుసగా చూపుట దాని ప్రతిజ్ఞ. వేలకొలది సామాన్యపాఠకులు చీటీలమీద ప్రయోగములు వ్రాసి పంపిరి; వారిలో ఉపాధ్యాయులు, గృహిణులు, తుదకు ఖైదులోనున్నవాడును కలడు.

కాని బ్రౌను వేదము కాడు. ఆయన యర్థములు వ్రాసిన యాంగ్లము నూటడెబ్బది సంవత్సరములకు పైబడినది. ఆ యాంగ్లమునకే నేడు వ్యాఖ్యానము కావలెను. ఆయన తెలుగుపదమునకు వ్రాసిన ఆంగ్లార్థమును నేటి ఆంగ్లముగా భావించి, దానిని మరల తెలుగు చేయువారు ఒక తప్పును రెండుచేయుదురు. బ్రౌను పేర కడపలో భాషాపరిశోధనకేంద్రము వెలసినది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దానికై పాటుపడిరి. మేము దానిని చూచి గర్వింతుము. అయితే గర్వము చాలదు. బ్రౌను పటమునకు దండవేసి, ఆయన ఏరిన మాటలను పలుకు అవ్వలను నోరు మూయించుట ఆయనకు చేయు మర్యాదయా?

ఇక ఆక్షేపణలు. ప్రవేశపరీక్షలలో అరుదైన ఆంగ్లపదములు అడుగుదురు, వల్లించక గతి లేదని కొందరందురు. మంచిది, వల్లింపుడు. అర్థముతో వల్లించినచో మార్కులు తగ్గునా? పుట్టుక తెలిసిన మాట మరపురాదని ఇరువదియేండ్ల యనుభవముచేత మేము చెప్పగలము. చేతిలోని ఫోను క్షణములో అర్థము చెప్పుచుండగా ఈ శ్రమ యెందుకని మరికొందరందురు. ఫోను చెప్పును, ఏ కాలపు అర్థము కావలెనో మనమడిగినచో చెప్పును. అడుగవలెనని తెలియనివానికి అది ఏమి చేయగలదు? చెరువును తొట్టి చేసినవాని చేతిలోను ఫోను ఉండెను. దేశము స్వతంత్రమై ఇంతకాలమైన తరువాత దొరల పాతమాటలతో మనకేమి పనియని దేశాభిమానులు కొందరందురు. అయ్యా, మన పొలముల హద్దులు, చెరువుల కట్టలు, ఉరితీయబడిన వీరుల కథలు ఆ మాటలలో చిక్కుకొని యున్నవి. తాళము దొరదైనను పెట్టెలోని సొత్తు మనది. తాళపుచెవిని పారవేయుట దేశాభిమానమా?

పనిలో పెట్టవలసిన మార్గములు కష్టమైనవి కావు. ఉపాధ్యాయులు పాతమాటకు అర్థము చెప్పునపుడు, ఏ కాలమున, ఏ దేశమున, ఎవరి నోట అను మూడు ప్రశ్నలను పిల్లలకు అలవరుపవలెను. ప్రతి ఆంగ్లపదమునకు ప్రక్కన అట్లే మారిన తెలుగుమాట నొకదానిని పిల్లలచేతనే వెదకింపవలెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885 నుండియు మనకున్నది, సూర్యరాయాంధ్ర నిఘంటువున్నది, భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులై రైతుల నోటిమాటలను జిల్లాలవారిగా సేకరించి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున్నది. ఇవి బీరువాలలో నిద్రించుచున్నవి. ఇక గృహములలో చేయవలసినది మరియు సులభము. ఒక నోటుబుక్కు చాలును. అవ్వ పలికిన మాటను, పలికిన సందర్భమును, తేదీని పిల్లలు అందు వ్రాయవలెను. ఆక్స్‌ఫర్డువారు చీటీలమీద చేసినది ఇంతకంటె వేరు కాదు.

తుదకు మరల ఆ కూటికడకు వత్తము. ఆంగ్లమున 'మీట్' అనగా నేడు మాంసము. పూర్వము తినునది ఏదైనను మీటే. కనుకనే మిఠాయికి నేటికిని స్వీట్‌మీట్ అని పేరు. దానిని చూచి శాకాహారులు బెదరనక్కరలేదు. సంస్కృతమున అన్నమనగా తినబడునది ఏదైనను సరియే. మనము దానిని వరికే కట్టివేసితిమి. కొఱ్ఱలు, జొన్నలు, రాగులు తిని పెరిగిన ఈ సీమలో వరి వండనివాడు అన్నము తినలేదని చెప్పుకొని సిగ్గుపడిన రోజులు మా బాల్యమునందే కలవు. మాట సన్నగిల్లగా మనుష్యుని మర్యాదయు సన్నగిల్లినది. కూడు అనునది నన్నయనాటికి పూర్వమునుండియు తెలుగువాని యాహారమునకు పేరు. అందు నీచము లేశమైనను లేదు. దానిని పేదవాండ్ర నోట విడిచి, మనము పైమెట్టెక్కి, అక్కడినుండి క్రిందకు చూచి అది మోటుమాట అంటిమి. మాట చెడలేదు, మన చూపు చెడినది.

మా మిత్రునికి ఈ సంగతియంతయు జాబు వ్రాసితిమి. ఆయన కోపగింపలేదు, అట్టివాడు కనుకనే మాకు మిత్రుడు. ఆ బిడ్డకు మా కోరికగా ఒక ప్రశ్నను పంపితిమి: మీట్, అన్నము, కూడు అను మూడు మాటలలో ఏది ఏ దారిని నడచినదో మీ అవ్వనడిగి వ్రాయుమని. జవాబు ఇంకను రాలేదు. వచ్చినదాక మేము ఆ యింట భోజనము చేయబోము. వచ్చిననాడు పోయి, ఆ అవ్వ పిలిచినపుడు లేచి, కూడే తినివత్తుము.